2జీ నుంచి 6జీ దాకా: మొబైల్ నెట్‌వర్క్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త ‘జీ’ వచ్చిన ప్రతిసారీ సినిమా ఎన్ని సెకన్లలో డౌన్‌లోడ్ అవుతుందన్న లెక్కే ముందు వినిపిస్తుంది. జనం అడిగేవి మాత్రం వేరు. ఇంట్లో సిగ్నల్ ఎందుకు రాదు? 5జీ అని చూపిస్తున్నా వీడియో ఎందుకు తిరుగుతూనే ఉంటుంది? నాన్నగారి పాత ఫోన్ ఇంకెన్నాళ్లు పనిచేస్తుంది? 6జీ వస్తే మా ఊరికి ఏం ఒరుగుతుంది? నా దృష్టిలో అసలు ప్రశ్నలు ఇవే. వేగం ఎంత పెరిగిందన్నది తర్వాతి సంగతి. సిగ్నల్ ఎంత దూరం, ఎంతమందికి అందిందన్నదాన్ని బట్టే ఏ తరాన్నయినా తూచాలి.

2జీ, 3జీ, 4జీ... ఒక తరానికీ ఇంకో తరానికీ తేడా ఏమిటి?

ఫోనూ టవరూ మాట్లాడుకునే పద్ధతి మారడమే తేడా. సుమారు పదేళ్లకోసారి ఆ పద్ధతి మారుతూ వస్తోంది. 1979లో టోక్యోలో మొదలైన 1జీ అనలాగ్. మనిషి గొంతు రేడియోలో వెళ్లినట్టే గాలిలో వెళ్లేది, రిసీవర్ ఉన్నవాళ్లెవరైనా వినగలిగేవారు. 1991లో ఫిన్లాండ్‌లో మొదలైన 2జీతో గొంతు అంకెలుగా మారింది, సంభాషణకు రహస్యం వచ్చింది. 3జీ ఇంటర్నెట్‌ను జేబులోకి తెచ్చింది. 4జీ వచ్చాక కాల్ కూడా ఇంటర్నెట్ డేటాగానే వెళ్లడం మొదలైంది. 5జీ కొత్త స్పెక్ట్రమ్‌ను, అంటే ఫోన్లకు కేటాయించే రేడియో తరంగాల కొత్త శ్రేణులను, టవర్ మీద గుంపుగా పనిచేసే ఎక్కువ యాంటెనాలను తెచ్చింది. మన దేశం 1జీ మెట్టు ఎక్కకుండానే నేరుగా 2జీతో మొదలుపెట్టింది.

మన దేశంలో తొలి మొబైల్ కాల్ ఎప్పుడు, ఎవరు చేశారు?

1995 జులై 31న. కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మోదీ టెల్‌స్ట్రా నెట్‌వర్క్, నోకియా ఫోన్. అప్పట్లో రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల పైనే పడేది. కాల్ చేసినవాళ్లకే కాదు, ఎత్తినవాళ్లకూ బిల్లు పడేది. మిస్డ్ కాల్ ఒక భాషగా మారింది ఆ రోజుల్లోనే. బస్సు దిగాక ఒక రింగు, ఇంటికి చేరాక రెండు రింగులు అని ముందే మాట్లాడుకునేవారు. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. సామాన్యుడి చేతికి ఫోన్ రావడానికి ఏ టెక్నాలజీ కన్నా ఈ నిర్ణయమే ఎక్కువ తోడ్పడిందని నా అభిప్రాయం. కూరగాయలమ్మే ఆమె, ఆటో డ్రైవర్, మేస్త్రీ... వీళ్లందరికీ బేరం ఫోన్లో రావాలంటే, ఎత్తడానికి డబ్బు కట్టక్కర్లేకుండా ఉండాలి కదా.

అప్పట్లో టీవీ పక్కన ఫోన్ పెడితే కాల్ రాకముందే గరగరమని శబ్దం వచ్చేది. ఎందుకు?

2జీ ఫోన్ ఆగకుండా ప్రసారం చేయదు. 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్కో చానల్‌ను ఎనిమిది ఫోన్లు వంతులవారీగా వాడుకుంటాయి. తన వంతు రాగానే ఫోన్ ఒక్క విసురు విసిరి, మళ్లీ వంతు వచ్చేదాకా మౌనంగా ఉంటుంది. ఆ వంతు సెకనుకు సుమారు 217 సార్లు వస్తుంది. ఒక్కో విసురు బలం 2 వాట్ల దాకా ఉండొచ్చు. పక్కనున్న స్పీకర్ వైరు దాన్ని పట్టుకుంటుంది, లోపలి ఆంప్లిఫయర్ పెంచుతుంది. సెకనుకు 217 సార్లు అంటే మన చెవికి చక్కగా వినబడే స్వరం, అదే ఆ గరగర.

రింగు కన్నా ముందే వినిపించడానికి కారణం ఉంది. టవర్ పిలవగానే ఫోన్ మొదట ‘ఇక్కడే ఉన్నా’నని టవర్‌కు బదులివ్వాలి. ఆ బదులు వెళ్లి, దారి కుదిరాకే రింగు మోగుతుంది. 3జీ ఫోన్లు కాల్‌లో వంతులు లేకుండా ప్రసారం చేసేవి కాబట్టి ఆ శబ్దం మాయమైంది.

తెలుగులో ఎస్సెమ్మెస్ రాస్తే ఇట్టే నిండిపోతుందేం?

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లే. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు యూనికోడ్ వాడాలి, ఒక్కోదానికి 16 బిట్లు. అందుకని 70 మాత్రమే. అవి కూడా మనం అనుకునే అక్షరాలు కావు. గుణింతపు గుర్తులు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ అని రాస్తే కంటికి ఒకటే అక్షరం. లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పైగా ఆనాటి చాలా ఫోన్లలో తెలుగు ఫాంట్ ఉండేది కాదు, మెసేజ్ బదులు డబ్బాలు కనిపించేవి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడం మనకు అలవాటైపోవడానికి ఈ 140 బైట్ల ఇరుకు కూడా ఒక కారణం. ఆ హద్దు ఎస్సెమ్మెస్‌కు ఇప్పటికీ ఉంది.

సీడీఎంఏ ఫోన్లు ఏమయ్యాయి?

2002 చివర్లో రిలయన్స్ ఇన్ఫోకామ్, ఆ కాలంలోనే టాటా ఇండికామ్ సీడీఎంఏ అనే వేరే పద్ధతిలో చవక ఫోన్లు ఇచ్చాయి. చాలా ఫోన్లలో విడిగా సిమ్ ఉండేది కాదు, నంబర్ ఫోన్‌కే ముడిపడి ఉండేది. ప్రపంచంలో ఎక్కువ దేశాలు జీఎస్ఎమ్ (పైన చెప్పిన వంతులవారీ 2జీ) బాటలో సాగడంతో సీడీఎంఏకు హ్యాండ్‌సెట్లు తగ్గిపోయి, అది కనుమరుగైంది.

3జీ అంత త్వరగా ఎందుకు పోయింది?

ఆలస్యంగా వచ్చింది, ఖరీదుగా వచ్చింది. ప్రభుత్వ సంస్థలు 2008 చివరి నుంచి మొదలుపెట్టినా, ప్రైవేటు కంపెనీలకు 2010 వేలం తర్వాతే దారి దొరికింది. ప్రభుత్వ సంస్థలు కట్టింది కూడా కలిపితే 3జీ స్పెక్ట్రమ్‌కు దాదాపు 67,700 కోట్లు పోశారు. ఆ బరువు డేటా ప్యాక్‌ల ధరల్లో కనిపించింది. 2100 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటి లోపలికి రావడానికీ ఇబ్బంది పడేవి. జనం అలవాటు పడేలోపే 4జీ వచ్చేసింది. ఎయిర్‌టెల్ 2020లో 3జీని మూసేసింది. 2జీ మాత్రం అలాగే ఉంది.

4జీతో నిజంగా ఏం మారింది?

ఎయిర్‌టెల్ 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో 4జీ మొదలుపెట్టింది. ఊరూరా తెలిసింది మాత్రం 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చాకే. డేటా ధర ఒక్కసారిగా పడిపోవడం అందరికీ గుర్తుంది. లోపల జరిగిన మార్పు గురించి తక్కువగా మాట్లాడుకుంటాం.

పాత నెట్‌వర్క్‌లలో కాల్ మాట్లాడినంతసేపూ మీకోసం ఒక దారి కేటాయించి ఉంచేవారు, మీరు మౌనంగా ఉన్నా సరే. 4జీ మొత్తం డేటా ప్యాకెట్ల మీదే నడుస్తుంది. మొదట్లో 4జీ ఉన్న ఫోన్ కూడా కాల్ రాగానే 2జీకో 3జీకో దిగిపోయేది, కాల్ అయ్యాక మళ్లీ పైకి ఎక్కేది. మాట్లాడుతుండగా నెట్ ఆగిపోయేది అందుకే. జియోకు కింద 2జీ, 3జీ లేవు, దిగడానికి మెట్టే లేదు. కాబట్టి మొదటి రోజు నుంచీ వోల్టీ మీదే, అంటే 4జీలోనే గొంతును డేటాగా పంపించి నడిపింది. వోల్టీలో అవతలివాళ్ల గొంతు పక్కనే ఉన్నంత స్పష్టంగా వినిపించడానికి, ఎక్కువ స్వరాల్ని పంపే కొత్త కోడెక్, అంటే గొంతును డేటాగా మార్చే పద్ధతి, కారణం.

ఫోన్‌పై 5జీ అని కనిపిస్తోంది. అయినా నెట్ నెమ్మదిగా ఉంది. ఎందుకు?

దీనికి ఒకటి కన్నా ఎక్కువ కారణాలున్నాయి.

మొదటిది రద్దీ. ఫోన్లో కనిపించే గీతలు టవర్ సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెబుతాయే తప్ప, ఆ టవర్ మీద ఎంతమంది ఉన్నారో చెప్పవు. సాయంత్రం వీధంతా ఒకేసారి కుళాయిలు తిప్పితే ధార సన్నబడినట్టే, రాత్రి తొమ్మిదింటికి అందరూ వీడియోలు పెడితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. గీతలు నిండుగానే ఉంటాయి.

రెండోది, మీరు ఏ 5జీలో ఉన్నారన్నది. 2022 వేలంలో కంపెనీలు 1,50,173 కోట్లకు స్పెక్ట్రమ్ కొన్నాయి. అక్టోబర్ 1న సేవలు మొదలయ్యాయి. అందులో 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల బ్యాండ్‌లో వేగం ఎక్కువ, దూరం తక్కువ. 700 మెగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, గోడలు దాటుతుంది, వేగం మాత్రం మంచి 4జీకి అటూ ఇటూగా ఉంటుంది. రెండిటికీ ఫోన్ పైన ఒకే గుర్తు కనబడుతుంది. కంపెనీల పద్ధతీ ఒకటి కాదు. ఎయిర్‌టెల్ 4జీని ఆనుకుని 5జీని నడిపే పద్ధతితో మొదలుపెట్టింది, జియో విడిగా నిలబడే 5జీని ఎంచుకుంది.

మూడోది మనకు కనబడనిది: టవర్ వెనక ఉన్న కనెక్షన్. పైన 64 యాంటెనాలున్న కొత్త ప్యానెల్ బిగించినా, టవర్ నుంచి ఎక్స్ఛేంజ్‌కు ఫైబర్ లేకుండా గాలిలో నడిచే పాత మైక్రోవేవ్ లింకే ఉంటే వేగం అక్కడే ఆగిపోతుంది. ‘5జీ టవర్ ఎప్పుడొస్తుంది’ అని అడిగే ఊళ్లవాళ్లు ‘టవర్‌కు ఫైబర్ ఎప్పుడొస్తుంది’ అని కూడా అడగాలని నా మనవి.

వీధిలో బాగానే వస్తుంది. ఇంట్లోకి రాగానే సిగ్నల్ పోతుంది. ఏం చేయాలి?

కాంక్రీటు, ఇనుప చువ్వలు, పూత పూసిన అద్దాలు, రేకుల కప్పు... ఇవన్నీ తరంగాల్ని తినేస్తాయి. ఇంట్లో వైఫై ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. అదనపు ఖర్చు లేదు, కాల్ మీ బ్రాడ్‌బ్యాండ్ గుండా వెళ్తుంది. చాలామందికి ఈ ఒక్క పనితోనే బాధ తీరుతుంది. వైఫై లేకపోతే ఫోన్‌లో సిమ్ స్టేటస్ తెరిచి సిగ్నల్ అంకె చూడండి. మైనస్ 85 దగ్గరుంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే కష్టం. ఆ అంకె చూస్తూ గదులన్నీ తిరిగితే ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది. బజారులో దొరికే అనుమతి లేని బూస్టర్లు మాత్రం పెట్టొద్దు. అవి మీకు ఒక గీత పెంచి, చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ కాల్స్ తెగిపోయేలా చేస్తాయి. చట్టం ప్రకారం కూడా నేరం.

పల్లెలకు పనికొచ్చే 5జీ అంటూ ఐఐటీ హైదరాబాద్ ఏదో చేసిందట. నిజమేనా?

నిజమే, మనవాళ్లకు ఇంకా బాగా తెలియాల్సిన విషయం.

5జీకి అర్హత పరీక్షలు రాసేటప్పుడు అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ గ్రామీణ ప్రాంతానికి ఒక లెక్క పెట్టుకుంది: టవర్‌కూ టవర్‌కూ మధ్య 1,732 మీటర్లు. మన పల్లెల్లో అంత దగ్గర దగ్గరగా టవర్లు ఎవరు వేస్తారు? ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్ పరిశోధకులు, మన దేశపు ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్ఐ కలిసి ఈ సంగతి అక్కడ వాదించారు. టవర్ల మధ్య 6 కిలోమీటర్లుండే పరీక్షను కూడా చేర్పించారు. నెమ్మదిగా కదిలే జనం, పెద్ద సెల్ (ఒక టవర్ పరిధి). అచ్చం మన మండలాల లెక్క.

దాన్ని గట్టెక్కడానికి ఉన్న అడ్డంకి ఏమిటంటే, టవర్ గొంతు పెద్దది, ఫోన్ గొంతు చిన్నది. టవర్ పదుల వాట్లతో ప్రసారం చేస్తుంది. ఫోన్ సాధారణంగా 0.2 వాట్లు దాటదు. ఊరి చివర మీకు టవర్ మాట వినబడుతుంది, మీ మాట టవర్‌కు చేరదు. ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం ఫోన్ పంపే తరంగం ఆకారాన్ని మలిచి, ఎత్తుపల్లాలు తగ్గించింది. ఎత్తుపల్లాలు తగ్గితే ఫోన్‌లోని ఆంప్లిఫయర్‌ను దాని పూర్తి శక్తి దగ్గరే నడపొచ్చు. అదే బ్యాటరీతో గొంతు ఇంకొంచెం దూరం వెళ్తుంది. ఇలా తయారైన 5జీఐ ప్రమాణాన్ని ఐటీయూ ఆమోదించింది. ప్రపంచమంతా వాడే ప్రమాణానికి వేరుగా ఉంటే ఫోన్ల ధర పెరుగుతుందని ఆపరేటర్లు అభ్యంతరం చెప్పారు. చివరికి దాన్ని మొబైల్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ కూటమి 3జీపీపీ వెలువరించిన రిలీజ్ 17తో కలిపారు. కలపడమే మంచిదైందని నేననుకుంటాను. వేరే ప్రమాణంగా మిగిలితే మన దగ్గరే ఆగిపోయేది.

ఏజెన్సీ గ్రామాల సంగతేంటి? కొండల్లో ఇంకా సిగ్నల్ లేదు కదా?

కంపెనీకి గిట్టుబాటు కాని చోట ప్రభుత్వం డబ్బు పెట్టాల్సిందే. 2022 జులైలో కేంద్రం 26,316 కోట్లతో, సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇచ్చే పథకానికి ఆమోదం తెలిపింది. పని బీఎస్ఎన్ఎల్‌ది. స్వదేశంలో తయారైన పరికరాలతో బీఎస్ఎన్ఎల్ 4జీ 2025 సెప్టెంబర్‌లో దేశవ్యాప్తంగా ప్రారంభమైంది, సుమారు 97,500 టవర్లతో. రేషన్ బియ్యానికి వేలిముద్ర, ఉపాధి హామీ హాజరు, 108కి ఫోన్... ఇవన్నీ సిగ్నల్ మీదే ఆధారపడ్డాక, సిగ్నల్ లేని ఊరు మిగిలిన హక్కులకు కూడా దూరమవుతుంది. నగరంలో వేగం ఇంకో వంద మెగాబిట్లు పెరగడం కన్నా ఇది ముందు జరగాలి.

తుఫాను వస్తే నెట్‌వర్క్ ఎందుకు కూలిపోతుంది?

టవర్ విరగడం కన్నా కరెంటు పోవడం, ఫైబర్ తెగడం ఎక్కువ నష్టం చేస్తాయి. బ్యాటరీలు కొన్ని గంటలే, తర్వాత డీజిల్ జనరేటర్. రోడ్డు మీద చెట్లు పడితే డీజిల్ చేరదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకాక విశాఖ చూసింది ఇదే. ఇప్పుడు రెండు మార్పులొచ్చాయి. విపత్తు వేళ ఒక కంపెనీ సిమ్ ఇంకో కంపెనీ టవర్ మీద పనిచేసేలా ఇంట్రా సర్కిల్ రోమింగ్ ఇస్తారు. అప్పుడు నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి మరో కంపెనీని ఎంచుకోండి. రెండోది, సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరిక. పెద్ద మోతతో, తెలుగులో కూడా వచ్చే ఆ సందేశం ఎస్సెమ్మెస్‌లా ఒక్కొక్కరికీ విడిగా వెళ్లదు. టవర్ ఒక్కసారి చెబితే దాని కింద ఉన్న ఫోన్లన్నీ వింటాయి, రద్దీ సమస్యే లేదు. ఆ మోత చిరాగ్గా ఉందని సెట్టింగ్స్‌లో ఆపేయకండి. ముఖ్యంగా తీర ప్రాంతంలో ఉంటే.

టవర్ రేడియేషన్‌తో ప్రమాదం ఉందా? ఇంటి పక్కనే టవర్ ఉంది, టెన్షన్‌గా ఉంది.

మొబైల్ తరంగాలకు అణువుల్ని చీల్చే శక్తి లేదు. ఎక్స్‌రేతో పోల్చకూడదు. ఎక్కువ మోతాదులో అవి చేసేది వేడి చేయడం, అది జరగని స్థాయిలోనే పరిమితులు పెడతారు. మన దేశంలో 2012 సెప్టెంబర్ నుంచి టవర్లకు పెట్టిన హద్దు, అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పదో వంతే. ఫోన్లకు హద్దు, శరీరం కిలో బరువుకు 1.6 వాట్లు. మీ ఫోన్ అంకె చూడాలంటే చాలా ఫోన్లలో *#07# కొడితే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో ఈ తరంగాల్ని ‘కారకం కావచ్చు’ అనే జాబితాలో పెట్టిన మాట వాస్తవమే. ఆధారాలు పరిమితంగా ఉన్నప్పుడు వాడే వర్గం అది. అనుమానంగా ఉంటే టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ టవర్ వివరాలు చూడొచ్చు.

ఇంకో సంగతి. టవర్ దూరంగా ఉంటే ఫోన్ ఎక్కువ శక్తితో అరవాలి, ఆ ఫోన్ ఉండేది మీ చెవి దగ్గర. టవర్ దగ్గరుంటే ఫోన్ మెల్లగా మాట్లాడుతుంది. 2021 మేలో కరోనా రెండో వేవ్‌కు 5జీయే కారణమని వాట్సాప్‌లో తిరిగిన మాట పచ్చి అబద్ధం. అప్పటికి దేశంలో 5జీ నెట్‌వర్కే లేదు.

2జీ ఎప్పుడు ఆపేస్తారు? అమ్మ బటన్ ఫోనే వాడుతుంది.

మన దేశంలో 2జీ ముగింపుకు ప్రభుత్వం ఏ తేదీ పెట్టలేదు. తొందరపడకూడదు కూడా. బటన్ ఫోన్ల సంగతి అటుంచితే, పొలంలో బోరు మోటారుకు బిగించిన మొబైల్ స్టార్టర్లలో చాలావాటిలో ఉన్నది 2జీ సిమ్మే. అర్ధరాత్రి త్రీ ఫేజ్ కరెంటు వస్తే రైతు పాములూ పుట్రలూ ఉన్న గట్టు మీద నడవకుండా, ఇంటి నుంచే ఒక్క రింగు ఇచ్చి మోటారు ఆన్ చేసుకుంటున్నాడు. 2జీ మూసేముందు ఆ పెట్టెలన్నీ మార్చడానికి గడువూ సాయమూ ఇవ్వాలి. అమ్మగారికి కొత్త ఫోన్ కొనాల్సి వస్తే బటన్లున్న 4జీ ఫోన్ తీసుకోండి.

అమ్మానాన్న అమెరికా వస్తున్నారు. ఇండియా ఫోన్ ఇక్కడ పనిచేస్తుందా?

అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లో 3జీని మూసేశాయి, ఆస్ట్రేలియాలో 2024 చివరికి మూతపడింది. అంటే అక్కడ కాల్ వెళ్లాలంటే వోల్టీ తప్పనిసరి. ఇండియాలో వోల్టీ బాగా పనిచేసే ఫోన్ కూడా అక్కడి కంపెనీ అనుమతించిన మోడళ్ల జాబితాలో లేకపోతే నెట్ వస్తుంది, కాల్ పోదు. అత్యవసర కాల్‌కూ ఇబ్బంది కావొచ్చు. విమానం ఎక్కకముందే *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య) రాసుకుని, అక్కడి కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూడండి.

6జీ ఎప్పుడొస్తుంది? అందులో కొత్తగా ఏముంది?

2030 ప్రాంతంలో. ఐటీయూ 2023లో దానికి చట్రం ఖరారు చేసింది. 2027లో షాంఘైలో జరిగే ప్రపంచ రేడియో సదస్సు కొత్త బ్యాండ్ల గురించి తేల్చాలి. పరిశీలనలో ఉన్నవాటిలో ముఖ్యమైంది 7.1 నుంచి 8.4 గిగాహెర్ట్జ్ వరకు. మన దేశం 2023 మార్చిలో భారత్ 6జీ విజన్ పత్రం విడుదల చేసింది.

గరిష్ఠ వేగానికి 50 నుంచి 200 గిగాబిట్ల దాకా లక్ష్యాలు రాసుకున్నారు. అవి ప్రయోగశాల అంకెలు, మన ఫోన్లో కనిపించేవి కావు. 5జీకీ 20 గిగాబిట్లని రాశారు, మనం చూశాం. నాకు ఆసక్తి కలిగించేవి వేరే రెండు. ఒకటి, టవరే రాడార్‌లా పనిచేయడం. తరంగాలు దేనికి తగిలి తిరిగొచ్చాయో చూసి, రోడ్డు మీద అడ్డొచ్చిన పశువునో ఎగిరే డ్రోన్‌నో గుర్తించవచ్చు. ఇదే పద్ధతి మనుషుల కదలికల్నీ చూస్తుంది కాబట్టి, దాని మీద చట్టం ముందే రావాలి. రెండోది, ‘ఎల్లెడలా అందుబాటు’ని 6జీ లక్ష్యాల్లో విడిగా చేర్చారు. వేగంతో సమానంగా దూరాన్నీ లెక్కలోకి తీసుకున్నారన్నమాట. మన పల్లెల 6 కిలోమీటర్ల వాదన 5జీలోనే ఈ దారి వేసింది.

టవర్లే అక్కర్లేకుండా ఉపగ్రహం నుంచి నేరుగా ఫోన్‌కు సిగ్నల్ వస్తుందా?

వస్తుంది, కొంతవరకు. 3జీపీపీ 2022లో రిలీజ్ 17తో దీన్ని ప్రమాణాల్లో చేర్చింది. ఉపగ్రహం వందల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, ఒక్కో బీమ్ కింద చాలా పెద్ద ప్రాంతం పడుతుంది. అంతమందికి పంచితే మిగిలేది మెసేజ్‌కు, అత్యవసర కాల్‌కు సరిపోయేంత. వేటకెళ్లిన మత్స్యకారుడికి, నల్లమల లోపల ఉన్న గూడేనికి అదే ప్రాణాధారం. నగరానికి మాత్రం టవర్, ఫైబర్ తప్పవు. 2025లో మన దేశంలో లైసెన్స్ పొందిన స్టార్‌లింక్ లాంటి డిష్ సేవ వేరు, నేరుగా ఫోన్‌కు వచ్చే సేవ వేరు. రెండూ ఒకటనుకోకండి.

ఇప్పుడు ఫోన్ కొంటున్నాను. 6జీ కోసం ఆగాలా?

అక్కర్లేదు. ఇప్పుడు కొనే ఫోన్‌లో చూడాల్సినవి: ఎన్28, ఎన్78 బ్యాండ్లు రెండూ ఉన్నాయా, విడిగా నిలబడే 5జీని తీసుకుంటుందా, వోల్టీ, వైఫై కాలింగ్ మీ కంపెనీ సిమ్‌తో పనిచేస్తాయా. ఎన్78 అంటే 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలది, ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్. మీరుండేది ఊరి చివరైనా, అపార్ట్‌మెంట్ సెల్లార్ పక్కనైనా ఎన్28ను వదులుకోవద్దు. కొన్ని చవక మోడళ్లలో అదే ఉండదు. అట్టపెట్టె మీద సాధారణంగా ‘5జీ’ అని మాత్రమే రాస్తారు. బ్యాండ్ల జాబితా కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్లలో ఉంటుంది, డబ్బు కట్టకముందే చదవండి.